కోత అరగంట, కోలుకోవడానికి పక్షం రోజులు

ఢిల్లీ లేఖలో కుక్కల ప్రసక్తి ఏమిటని పాఠకులలో కొందరు నొసలు చిట్లించవచ్చు. పార్లమెంటు ఉంది, మంత్రివర్గం ఉంది, పొరుగు దేశాలతో పేచీలు ఉన్నాయి. ఇవన్నీ ఉండగా వీధికుక్క దేనికని అడగవచ్చు. అయితే 2025లో ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం మూడు మాసాల వ్యవధిలో మూడు పర్యాయాలు ఈ వీధికుక్క గురించే ఉత్తర్వులు జారీ చేసింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజధానిలోను, చుట్టుపట్ల పట్టణాలలోను ఉన్న వీధికుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయాలలో ఉంచాలని, మళ్ళీ వీధిలోకి వదలరాదని ఆదేశించింది. సరిగా పదకొండో రోజున, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, క్రూర స్వభావం చూపేవి తప్ప తక్కినవాటిని శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే వదలిపెట్టాలన్నది. నవంబరు 7న ఇంకొకటి: విద్యాలయాలు, ఆస్పత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషన్ల ఆవరణలలో పట్టిన కుక్కలను శస్త్రచికిత్స అనంతరం అక్కడికి తిరిగి చేర్చరాదని, ఆశ్రయాలకు తరలించాలని.

ఈ మూడు ఉత్తర్వుల మీద టెలివిజన్లలోను, ఇండియా గేటు దగ్గర ప్రదర్శనలలోను జరిగిన వాదోపవాదాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. కుక్క వీధిలో ఉండాలా, ఆశ్రయంలో ఉండాలా? ఇరుపక్షాలూ ఏకీభవించిన ఒకే ఒక అంశం శస్త్రచికిత్స. ఏకీభవించారు గనుకనే దానిని గురించి ఎవరూ మాట్లాడలేదు. "శస్త్రచికిత్స చేసి, వదలిపెట్టి" అనే వాక్యంలో ఆ రెండు క్రియలకూ మధ్య కొన్ని రోజులున్నాయి. ఆ రోజులలో ఏమి జరుగుతున్నదో, 2025 డిసెంబరులో మా వీధి కుక్క మూలంగా తెలిసేదాకా, నేనూ ఆలోచించినవాణ్ణి కాను.

దాని పేరు భూరీ. గోధుమ రంగు ఆడకుక్క. ఇక్కడి వీధుల్లో అలాంటి కుక్కకు అంతకంటె వేరే పేరు పెట్టే ఆనవాయితీ లేదు. మా వీధి మొగలో కావలి కాసే దర్భంగా జిల్లా మనిషి కుర్చీ పక్కన పడుకుంటుంది. నా ఇంటి గడప ఏనాడూ ఎక్కలేదు, నేనూ ఎక్కనివ్వలేదు. ఒకనాటి ఉదయం కుక్కల బండి వచ్చి దానిని పట్టుకుపోయింది. మంచిదే అనుకున్నాను. ఏటా రెండు ఈతలు, ఈతకు అయిదారు పిల్లలు, వాటిలో సగం కార్ల కింద పడటం చూసినవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రం చీకటి పడ్డాక అదే బండి వచ్చి దానిని వీధి చివర దింపి వెళ్ళిపోయింది. చెవి కొస కత్తిరించి ఉంది. కుడి డొక్క మీద జానెడు మేర వెంట్రుకలు గొరిగి, మధ్య రెండంగుళాల కుట్టు. చలి అప్పటికే ముదిరింది.

నాలుగు రోజులు కనబడకపోయేసరికి పక్క వీధి కుక్కలు దాని చోటును ఆక్రమించాయి. ఆ రాత్రి కాట్లాట జరిగింది. తెల్లవారేసరికి కుట్టు ఒక కొసన విడిపోయింది. మూడో రోజుకు వాపు, ఆపైన చీము, దుర్వాసన. కావలివాడు నా తలుపు తట్టి, "బాబూజీ, ఇది తిండి ముట్టడం లేదు" అన్నాడు. ముట్టబోయిన మా పై అంతస్తు విశ్రాంత ఉద్యోగి మీదికి ఏనాడూ లేనిది పళ్ళు చూపించింది కూడా. దానిని ఆటోలో వేసుకుని పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం, పుండు కడిగించడం, సూదులు వేయించడం, మా ఇంటి మెట్ల కింద పన్నెండు రోజులు ఉంచడం వగైరా వివరాలతో పాఠకులను విసిగించను. కాని ఆ వైద్యుడు చెప్పిన సంగతులు మాత్రం రాయదగినవి. ఇంట్లో కుక్కను పెంచుకునేవారికీ, వీధికుక్కకు ఇంత పెరుగన్నం పెట్టేవారికీ అవి సమానంగా పనికి వస్తాయి.

మగకుక్కకు జరిగేది చిన్న కోత. ఆడకుక్కకు జరిగేది పొట్ట తెరచి, అండాశయాలు రెండింటినీ, గర్భాశయాన్నీ తీసివేసే పెద్ద శస్త్రచికిత్స. మనుషులలో అయితే పది మంది బంధువులు పండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చేంత పని. చేయి తిరిగిన వైద్యునికి ఇది అరగంటకు మించదు. పై చర్మం అతుక్కోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. లోపలి పొర పూర్తి బలం పుంజుకోవడానికి ఇంకా కొన్ని వారాలు. మత్తుమందు ప్రభావంతో ఒంటి వేడి పడిపోతుంది గనుక మొదటి రాత్రి వెచ్చదనం ముఖ్యం. పొడి నేల, ఒక గోనె పట్టా, గాలి తగలని మూల చాలు. మత్తు పూర్తిగా వదిలేదాకా నోట్లో ఏదీ పోయరాదు. మనం దయతో పోసే గిన్నెడు పాలు, మింగుడుపడే స్థితిలో లేని జంతువుకు ఊపిరితిత్తులలోకి దిగి ప్రాణం మీదికి తెస్తాయి. నిలబడి నడవగలిగాక కొద్దికొద్దిగా నీళ్ళు, ఆపైన మామూలు తిండిలో సగం. ఒకసారి వాంతి అయితే భయపడనక్కర లేదు. రెండో రోజుకూ తిండి ముట్టకపోతే భయపడాలి.

కుట్టు చుట్టూ కొద్దిపాటి ఎరుపు, కొద్దిపాటి వాపు సహజం. రక్తం చుక్కలుగా కారుతూ ఉండటం, చీము, కంపు, కుట్టు విడివడటం, చిగుళ్ళు తెల్లబారటం, ఇవి కనబడితే మర్నాటి దాకా ఆగరాదు. కుక్క తన గాయాన్ని తాను నాకి మాన్పుకుంటుందని మన ఊళ్ళలో ఒక గట్టి నమ్మకం. నాకుడు వల్ల కుట్లు తెగుతాయి, నోటిలోని క్రిములు లోపలికి చేరతాయి. అందుకే మెడకు గరాటు వంటి తొడుగు వేస్తారు. అది దొరకకపోతే పాత బనియను తొడిగి, వీపు మీద ముడి వేయడం చాలా ఇళ్ళలో చేసే పని. భూరీకి నా బనియనే తొడిగాము. పసుపు, కొబ్బరినూనె, బూడిద ఏదీ పూయరాదు. స్నానం చేయించరాదు. మనం తలనొప్పికి మింగే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు కుక్కకు విషంతో సమానమైన హాని చేయగలవు. నొప్పికి మందు పశువైద్యుడు తూకం చూసి ఇవ్వవలసిందే. పరుగులు, దూకుళ్ళు, మెట్లెక్కడం పది రోజుల పాటు బంద్. మూడో రోజుకే అది హుషారుగా తోక ఆడిస్తుంది. చాలామంది మోసపోయేది అక్కడే. మగకుక్క విషయంలో ఇంకొక సంగతి ఉంది. శస్త్రచికిత్స అయిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు దానికి సంతానం కలిగించే శక్తి మిగిలి ఉండవచ్చు.

ఇంట్లో కుక్క అయితే ఇదంతా చూసే యజమాని ఉంటాడు. వీధికుక్కకు యజమాని పురపాలక సంఘం. దాని దృష్టి ఎక్కడున్నదో చూడండి.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో మొదటిసారి, వాటి స్థానంలో 2023 మార్చిలో రెండోసారి, కుక్కల జనన నియంత్రణ నియమావళి వెలువడింది. ఉంచడానికి ఎంత చోటు ఉన్నదో అన్ని కుక్కలనే పట్టాలని, పట్టిన చోటనే వదలాలని, చికిత్సానంతర సంరక్షణ ఇవ్వాలని రెండు నియమావళులూ చెప్పాయి. కాగితం మీద లోటు లేదు. ఆచరణలో స్వచ్ఛంద సంస్థకు కుక్క ఒక్కింటికి ఇంత అని పురపాలక సంఘం చెల్లిస్తుంది. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగాయో తేల్చుకోవడానికి, తొలగించిన అవయవాలను ఫార్మలిన్ డబ్బాలలో భద్రపరచి కమిటీ వారు లెక్కపెట్టే పద్ధతి ఉంది. దొంగ లెక్కలను అరికట్టడానికి పెట్టిన పద్ధతే గనుక దానిని తప్పుపట్టను. కాని అందులోని తర్కం గమనించండి. కోసి తీసినది లెక్కకు వస్తుంది. కోసిన చోటు మానిందా లేదా అన్నది ఏ డబ్బాలోనూ పట్టదు, ఏ బిల్లులోనూ చేరదు. వెనుక మరో బండి నిండుగా వచ్చి నిలబడితే, మానని కుక్కను ముందుగా వదలి గది ఖాళీ చేయడం కంటె తేలిక మార్గం లేదు. భూరీని దింపి వెళ్ళినవాళ్ళు క్రూరులని నేననుకోను. వాళ్ళకు మర్నాటి లెక్క ఉంది.

ఢిల్లీలో చాలాకాలంగా ఉంటున్నవారికి ఈ లెక్కల వాసన కొత్తది కాదు. మనుషుల విషయంలో ఈ నగరమే దానిని చూసింది. మనుషుల వ్యథను కుక్కల వ్యథతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు; ప్రభుత్వ యంత్రాంగం అలవాటు ఒకటేనని చెప్పడమే ఉద్దేశం. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. జామా మసీదు చెంత దుజానా హౌస్‌లో శిబిరం పెట్టారు. ఉపాధ్యాయునికి ఇన్ని కేసులు, పట్వారీకి ఇన్ని కేసులు అని కోటా నిర్ణయించారు. ఆపరేషన్ల అనంతరం మరణాలు జరిగాయని 1,774 ఫిర్యాదులు వచ్చినట్లు ఆ తర్వాత షా కమిషన్ నమోదు చేసింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సమీపాన ఒక శిబిరంలో కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా మరణించారు. 2016లో సుప్రీంకోర్టు, శిబిరాల పద్ధతికే మూడేళ్ళలో స్వస్తి చెప్పాలని ఆదేశించవలసి వచ్చింది.

ఆ ఎమర్జెన్సీ కోతకు జనం చెల్లించిన మూల్యం ఒకటైతే, కుటుంబ నియంత్రణ కార్యక్రమం చెల్లించిన మూల్యం మరొకటి. ఉత్తరాది పల్లెల్లో జీపు కనబడితే మగవాళ్ళు చెరకు తోటల్లోకి పరుగెత్తారు. ఆ భయం ఇంకా తీరలేదనడానికి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలు. వివాహిత స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్నవారు సుమారు 38 శాతం కాగా, భర్తకు ఆపరేషన్ అయినవారు 0.3 శాతం. చేసిన పని కంటె చేసిన తీరు ఎక్కువ కాలం బతుకుతుందని ఢిల్లీ పాలకులు తెలుసుకోవడానికి ఇంతకు మించిన అంకె అవసరం లేదు.

కుక్కలకు ఓట్లు లేవు, చెరకు తోటలూ లేవు. వాటికి అన్నం పెట్టేవారు మాత్రం ఉన్నారు. కావలివాళ్ళు, ఇస్త్రీ బండివాళ్ళు, చాయ్ దుకాణాలవాళ్ళు, ఇంటి పని చేసుకునే స్త్రీలు. వలకు చిక్కని కుక్క వీళ్ళ పిలుపుకు వస్తుంది. ఒక ప్రాంతంలో పది కుక్కలుంటే కనీసం ఏడింటికి టీకా పడితే తప్ప రేబిస్ వ్యాప్తి తెగదని శాస్త్రజ్ఞుల లెక్క. జనన నియంత్రణ కూడా అంత మేర జరిగితేనే, అదీ వచ్చే ఈతకు ముందే జరిగితేనే, ఫలితం కనబడుతుంది. అన్నం పెట్టినవారి తోడు లేనిదే ఈ ఏడో కుక్క చేతికి రాదు. పుండుతో తిరిగివచ్చిన ఒక్క కుక్కను చూస్తే, మరుసటి సారి బండి వచ్చినప్పుడు వాళ్ళు తమ కుక్కలను మెట్ల కింద దాచేస్తారు. మా కావలివాడు ఈ సంగతి నాతో సంకోచం లేకుండానే చెప్పాడు. ఇంకా దారుణం, చీముపట్టిన నొప్పితో తిరిగే కుక్క కరుస్తుంది. జనాన్ని కాట్ల నుంచి కాపాడడానికి చేసిన పనే కాటుకు కారణమవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అది తోసిపుచ్చదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో తండ్రి పనిచేసే చోట ఆడుకుంటున్న నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చీల్చి చంపిన దృశ్యం చూసినవారెవరికీ కుక్క కుట్లు మానాయా లేదా అన్న చింత సబబుగా తోచదు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. రేబిస్‌తో ఏటా పద్దెనిమిది నుంచి ఇరవై వేల మంది మన దేశంలో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చనిపోయేది ఎవరు? గేటు వెనుక ఉన్నవారు కారు. తెల్లవారుజామున చెత్త ఏరుకునే పిల్లలు, రాత్రి పని ముగించుకుని నడిచివచ్చే కూలీలు. కుక్కప్రేమికులలో కొందరు ఈ మరణాలను గురించి మాట్లాడకుండా ఉండడం నాకు వెగటు పుట్టిస్తుంది. కాని ఆ పసివానికి న్యాయం చేయగలిగిన పద్ధతి ఏదో కూడా అడగాలి గదా!

చంపే పద్ధతిని మద్రాసు కార్పొరేషన్ 1860 నుంచి నూరేళ్ళకు పైగా ప్రయోగించి చూసింది. కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. ఖాళీ అయిన వీధిని పక్క వీధి కుక్కలు నింపాయి. 1964లోనే అక్కడి బ్లూ క్రాస్ వారు జనన నియంత్రణ మార్గం సూచిస్తే, కార్పొరేషన్ అంగీకరించేసరికి 1996 వచ్చింది. ఇక ఆశ్రయాల పద్ధతి. ఢిల్లీలో 2009 గణనలోనే 5.6 లక్షల కుక్కలున్నాయి. వాటన్నింటినీ జీవితాంతం మేపే కొట్టాలు ఏ కార్పొరేషన్ కడుతుందో, పారిశుద్ధ్య కార్మికులకే జీతాలు సకాలంలో అందని ఈ నగరంలో చెప్పడం కష్టం. మిగిలింది శస్త్రచికిత్స, టీకా. అది విఫలమైందని కొందరు అంటున్నారు. సగం వీధులలో సగం కుక్కలకు, సగం జాగ్రత్తతో చేసి, విఫలమైందంటే ఎలా?

హిమాలయాలలోని మన చిన్న పొరుగుదేశం భూటాన్ 2009లో ఈ పని మొదలుపెట్టి, పద్నాలుగేళ్ళ పాటు విడవకుండా సాగించి, లక్షన్నరకు పైగా కుక్కలకు శస్త్రచికిత్సలు చేసి, 2023 అక్టోబరులో తన వీధికుక్కలన్నింటికీ పూర్తయిందని ప్రకటించింది. భూటాన్ జనాభా ఎంత, మన జనాభా ఎంత అని వెంటనే అనేవారుంటారు. నిజమే. కాని అక్కడి ఖజానా ఎంత, మన ఖజానా ఎంత అని వాళ్ళు అనరు.

ఆంధ్ర మహాభారతం చదివినవారికి సరమ జ్ఞాపకముంటుంది. జనమేజయుడు యాగం చేస్తున్న కురుక్షేత్రం ఈ ఢిల్లీకి రైలు దూరమే. యాగశాల వద్ద తిరుగాడుతున్న కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణంగా కొడితే, తల్లి సరమ వచ్చి నేరుగా రాజునే నిలదీస్తుంది. నేరం చేయనివాణ్ణి ఎందుకు కొట్టారన్నది దాని ప్రశ్న. సభలో జవాబు చెప్పినవారు లేరు. మన కాలంలో ఆ ప్రశ్నను పార్లమెంటులో వేసినవారు రుక్మిణీదేవి అరండేల్. ఆమె రాజ్యసభలో తెచ్చిన అనధికార బిల్లు పర్యవసానమే 1960 చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆమెయే. ఆ బోర్డు కార్యాలయం చెన్నై వదలి ఇప్పుడు ఢిల్లీకి కూతవేటు దూరాన బల్లభ్‌గఢ్‌కు వచ్చింది. దగ్గరకు వచ్చినందువల్ల చూపు మెరుగుపడిందని మాత్రం నేను చెప్పలేను.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. చెల్లించే మొత్తంలో మూడో వంతును ఆపి ఉంచి, పదో రోజున గాయం మానిందని వీధివారిలో ఒకరు చూసి చెప్పిన మీదట విడుదల చేయవచ్చు. ఆడకుక్కను కుట్టు గట్టిపడేదాకా వదలరాదన్న నియమాన్ని చలికాలంలోను, వానాకాలంలోను మరింత కఠినంగా పాటించవచ్చు. కుక్కను పట్టినప్పుడే, దానికి అన్నం పెట్టేవారి ఫోను నంబరు రాసుకుని, తిరిగి దింపే రోజు పగటిపూట వారి చేతికి అప్పగించి, ఏమి చూడాలో అరపేజీ కాగితం మీద హిందీలోనో తెలుగులోనో అచ్చువేసి ఇవ్వవచ్చు. మెడ గరాటులు కొనడానికి టెండరు పిలవనక్కర లేదు. న్యాయస్థానాలు అడిగే అఫిడవిట్లలో ఎన్ని పట్టారు, ఎన్ని కోశారు అన్న రెండు గడుల పక్కన ఎన్ని మానాయి అన్న మూడో గడి ఒకటి చేర్చితే చాలు, తక్కినవి వాటంతట అవే చాలావరకు జరుగుతాయి. ఈ దేశంలో ప్రభుత్వోద్యోగి గడి ఖాళీగా ఉంచడానికి భయపడతాడు.

భూరీ కోలుకుంది. డొక్క మీద వెంట్రుకలు కొత్తగా, కాస్త ముదురు రంగులో మొలిచాయి. పక్క వీధి కుక్కలు వెనక్కి తగ్గాయి. చలి తగ్గాక కావలివాడు దాని వీపున కుట్టిన గోనె కోటు విప్పేశాడు. నా బనియను మాత్రం ఎక్కడ పోయిందో తెలియదు. ఇక దానికి పిల్లలు పుట్టవు గనుక అధికారుల లెక్కలో ఆ పని ముగిసింది. కాని రేబిస్ టీకా బలం ఏళ్ళ తరబడి ఉండేది కాదు, ఏటా వేయించాలి. 2026 డిసెంబరుకు గడువు తీరుతుంది. వీధి మొగలో ఆ బండి ఆగిన చప్పుడైతే చాలు, భూరీ లేచి ఆగి ఉన్న కార్ల కిందికి దూరుతుంది, కావలివాడు పేరు పెట్టి పిలిచినా రాదు. ఆ రోజు దానిని ఎవరు, ఎలా బండి దగ్గరకు తీసుకువెళ్ళాలన్నది మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.